ఒంట్లో ఇద్దరు: ఆత్మ పూనిన మాంత్రికుణ్ణి సీరియల్లో నిలబెట్టడం

తెలుగు ఫాంటసీ సీరియళ్లలో మాంత్రికులకు కరువు లేదు. పుర్రె, నిలువు బొట్టు, నల్ల పంచె, ఒక వికటాట్టహాసం ఉంటే చాలు, మాంత్రికుడు తయారు. ఆ మాంత్రికుడి ఒంట్లోకి ఇంకో ఆత్మ దూరిందంటే మాత్రం పని అంత తేలిక కాదు. అప్పుడు ప్రతినాయకులు ఇద్దరవుతారు. ఇద్దరికీ కలిపి ఒళ్లు ఒకటే, నోరు ఒకటే. చాలామంది రచయితలు ఈ సంగతి వదిలేసి ఆత్మను అదనపు బలంగానే వాడుకుంటారు. కళ్లు ఎర్రబడతాయి, గొంతు బొంగురుపోతుంది, మొన్నటికన్నా పెద్ద మంత్రం పడుతుంది. పది భాగాలు తిరిగేసరికి పాఠకుడు రెండు ప్రశ్నలు అడుగుతాడు. ఇంత బలమున్నవాడు మూడో భాగంలోనే కథానాయికను ఎందుకు చంపలేదు? చేసిందంతా ఆత్మే అయితే వీడి తప్పేమిటి?

రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది. మనిషికీ ఆత్మకీ మధ్య ఏం ఒప్పందం కుదిరింది, ఎవరు ఎవరికి ఏమిస్తారు, ఎంతసేపు, ఏ ధరకు అన్నది రచయిత ముందే కాగితం మీద పెట్టుకోవాలి. అది లేకుండా మొదలైన సీరియల్ పదిహేనో భాగం దగ్గరో ఇరవయ్యో భాగం దగ్గరో తడబడుతుంది. ఇక్కడ ఆ ఒప్పందాన్ని విశాఖపట్నం నేపథ్యంగా ఒక నమూనా పాత్ర మీద కట్టి చూద్దాం. ఎందుకు విశాఖ అంటే, ఈ ఊళ్లో సముద్రం వేళలు, కొండ చుట్టూ నడిచే దారి, పంచాంగం, వేట నిషేధం అన్నీ ముందే రాసిపెట్టి ఉన్నాయి. మాయకు కావలసిన నియమాలు సగం ఊరే ఇస్తుంది.

కలి కాచుకున్న పన్నెండేళ్లు

ఒక ఒంట్లో రెండు మనసుల కథకు మన దగ్గరున్న కట్టుదిట్టమైన నమూనా మాంత్రికుడి కథ కాదు, భారతంలోని నలోపాఖ్యానం. నలుడు ప్రతినాయకుడు కాడు. అయినా ప్రవేశం, పట్టు, బాధ, నిష్క్రమణ అనే నాలుగు మెట్లూ అక్కడ లెక్క తప్పకుండా ఉన్నాయి.

నలుడి మీద పగబట్టిన కలిపురుషుడు అనుకున్న రోజే అతని ఒంట్లోకి వెళ్లలేకపోయాడు. పన్నెండేళ్లు కాచుకున్నాడు. నలుడు ఒకనాడు లఘుశంకకు వెళ్లివచ్చి, కాళ్లు కడుక్కోకుండానే ఆచమించి సంధ్యకు కూర్చున్నాడు. ఆ ఒక్క సందు చాలింది. ఇక్కడ గమనించాల్సింది తప్పు పరిమాణం కాదు, తప్పంటూ ఒకటి ఉండటం. తలుపు లోపలివాడే తీశాడు. కలికి తోడొచ్చిన ద్వాపరుడు పాచికల్లో దూరాడు కాబట్టి బయటి పరిస్థితి కూడా ఏకకాలంలో బిగిసింది. మనసు ఒకడి చేతిలో, పందెం ఇంకొకడి చేతిలో.

ఇక పట్టు. దమయంతిని అడవిలో వదిలేసే ఘట్టం ప్రతి ఫాంటసీ రచయితా పక్కన పెట్టుకుని చదవాల్సినది. ఇద్దరి మీదా ఉన్నది ఒకే వస్త్రం. నలుడు సగం కోసుకుని వెళ్తాడు, తిరిగి వస్తాడు, ఆమెను చూసి ఏడుస్తాడు, మళ్లీ వెళ్తాడు. కలి ఒకవైపు లాగుతాడు, ప్రేమ ఇంకోవైపు. ఎర్ర కళ్లు లేవు, మారిన గొంతు లేదు, ఉన్నదల్లా వెళ్లడం, రావడం. ఒంట్లో ఇద్దరున్నారని పాఠకుడికి కాళ్ల నడకే చెబుతుంది.

కర్కోటకుడనే నాగుడు కాటేసినప్పుడు ఆ విషం నలుణ్ణి ఏమీ చేయదు. లోపలున్న కలిని రోజూ కాలుస్తుంది. పూనిన వాడికి కూడా ఈ ఒంట్లో ఉండటం సుఖం కాదు అన్న ఆలోచన ఇది. మన సీరియళ్లలో దాదాపు కనిపించదు. ఆత్మలన్నీ అద్దె కట్టని అద్దెదారుల్లా హాయిగా ఉంటాయి. చివరికి కలి బయటికి వచ్చింది కూడా తాయెత్తు వల్లా భూతవైద్యుడి వల్లా కాదు. తాండ్ర చెట్టు కాయలు లెక్కపెట్టి ఋతుపర్ణ మహారాజు విద్య నిజమని తేల్చుకున్నాక, నలుడు ఆయనకు గుర్రాల విద్య ఇస్తానని ఒప్పుకుని అక్షహృదయం, అంటే పాచికల రహస్యం, నేర్చుకున్నాడు. అది నేర్చుకోగానే కలి విషం కక్కుతూ బయటపడ్డాడు. ఏ జూదం తెలియక ఓడాడో ఆ జూదపు రహస్యం తెలియడమే విడుదల. వచ్చిన దారీ పోయే దారీ ఒకదానికొకటి అతికి ఉన్నాయి.

ప్రతినాయకుడి కోణానికి ఇంకో ఘట్టం ఉంది. ఘోషయాత్రలో పరువు పోగొట్టుకుని ప్రాయోపవేశానికి, అంటే తిండి మానేసి చావడానికి, కూర్చున్న దుర్యోధనుణ్ణి దానవులు కృత్య అనే క్షుద్రశక్తి చేత రప్పించి ధైర్యం చెబుతారు. చచ్చిన నరకాసురుడి ఆత్మ కర్ణుడిలో ఉందనీ, భీష్మ ద్రోణ కృపులను కూడా దానవులు ఆవహిస్తారనీ, అప్పుడు వాళ్లు దయ లేకుండా పోరాడతారనీ అంటారు. అంత మాట చెప్పిన భారతం తరవాత ఎక్కడా కర్ణుడి తప్పుల్ని నరకుడి ఖాతాలో వేయదు. సభలో అన్న మాట కర్ణుడిదే, దాని ఫలమూ కర్ణుడిదే. రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. పూనకం కోరికను పెద్దది చేస్తుంది. లేని కోరికను పుట్టించదు.

పండగ పూనకం వేరు

ఉత్తరాంధ్రలో అమ్మవారి పండగ చూసిన పాఠకుడికి పూనకం కొత్త కాదు. తొలేళ్ల రాత్రి, అంటే పండగ ముందు రాత్రి, డప్పు దరువు పెరుగుతుంది, ఎవరికో ఒళ్లు ఊగుతుంది, వేపమండలు అందిస్తారు, పసుపు నీళ్లు పోస్తారు, ఊరి సంగతులు అడుగుతారు, హారతి ఇచ్చాక అమ్మ దిగుతుంది. అది నలుగురి మధ్యా, పిలిస్తేనే వస్తుంది, కాసేపే ఉంటుంది, ఎలా సాగనంపాలో ఊరందరికీ తెలుసు. దుష్ట పాత్ర మీద ఇదే దృశ్యాన్ని అతికిస్తే రెండు రకాలుగా చెడుతుంది. భక్తితో చూసేవాళ్లకు అవమానంగా ఉంటుంది. కథ పరంగా భయం పుట్టదు, ఎందుకంటే పాఠకుడికి ఆ తంతు ముగింపు తెలుసు. మాంత్రికుడి పూనకం దీనికి ప్రతి అంశంలోనూ ఎదురు నడవాలి. రహస్యంగా ఉండాలి, ఒకసారి వచ్చాక పోకూడదు, ఎలా పంపాలో ఎవరికీ తెలియకూడదు. ఊగడం అసలే వద్దు. ఆత్మ పట్టు బిగిసిన క్షణంలో మనిషి కదలకుండా నిలబడితే పండగ పూనకంతో పోలిక తెగిపోతుంది.

నమూనా పాత్ర: సన్యాసిరావు, సరంగు

విశాఖ ఓడరేవు 1933లో మొదలైంది. లోపలి రేవుకు వెళ్లే కాలువ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి పోతుంది. ఆ ముఖద్వారానికి దక్షిణాన అలల జోరు తగ్గించడానికి కట్టే రోజుల్లో రెండు పాత ఓడల్ని కావాలని ముంచి అడ్డుగా నిలిపారు. ఇక్కడ తీరం వెంబడి ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దాన్ని తవ్వకపోతే రేవు నోరు మూసుకుపోతుంది. ఇంతవరకు చరిత్ర, భూగోళం. ఈ పైన కల్పన మొదలవుతుంది: ముంచిన ఓడల్లో ఒకదాని సరంగు, అంటే ఓడ పనివాళ్ల పెద్ద, దిగడానికి ఒప్పుకోలేదు. వాడి ఆత్మకు కావలసింది రేవు నోరు ఇసుకతో పూడిపోవడం. లోకాన్ని ఏలడం దానికి అక్కర్లేదు. ప్రతినాయకుడి లక్ష్యం మ్యాపు మీద వేలు పెట్టి చూపించగలిగేంత చిన్నదిగా ఉంటే ప్రతి భాగంలోనూ అది ఎంత దగ్గరైందో కొలవవచ్చు. ఈ కథలో మీటర్లలో.

మనిషి పేరు సన్యాసిరావు. వయసు 52. నీటి లోతు కొలిచే సర్వేయరుగా ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసినవాడు. తాత దగ్గర నేర్చిన చిల్లర మంత్రాలు కొన్ని తెలుసు: పోయిన వస్తువు ఎక్కడుందో చెప్పడం, దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం. ఒకరోజు పని ఎగ్గొట్టి, 10.2 మీటర్లున్న చోట 10.7 అని చిట్టాలో రాశాడు. ఒక ఓడ అడుగు తాకి దెబ్బతింది, వాడి ఉద్యోగం పోయింది. తప్పు తనది కాదని తనకు తానే చెప్పుకుంటూ బతుకుతున్నాడు. సరంగు దూరిన సందు ఆ అరమీటరు అబద్ధం. నలుడి కాళ్లలాగే ఇదీ చిన్న తప్పు, కానీ ఆత్మ రాకముందు జరిగింది, మెలకువగా చేసింది. ఈ వరస తిరగబడితే, అంటే ఆత్మ వచ్చాక తప్పులు మొదలైతే, పాత్ర బాధితుడైపోతుంది.

ఒప్పందం ఇలా ఉంటుంది. సరంగు ఇచ్చేవి మూడు. నీటి అడుగున ఏముందో తెలియడం, ఉప్పునీళ్లలో కాళ్లు తడిసిన మనిషి మీద వశం, ఇసుకను కదిలించే బలం. సన్యాసిరావు ఇచ్చేది పేర్లు. ప్రతి ప్రయోగానికీ తనకు తెలిసిన కనీసం ఒక మనిషి పేరు, ముఖం, ఆ మనిషితో ఉన్న జ్ఞాపకం మొత్తం చెరిగిపోతాయి. ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఒకటుంది. ఏ పేరు ఇవ్వాలో ఎంచుకునేది మనిషి, ఆత్మ కాదు. ముందు ఎప్పుడో చదువుకున్న స్నేహితులు పోతారు, తరవాత పాత ఆఫీసువాళ్లు, తరవాత చుట్టాలు. ప్రతిసారీ ఎవరిని అమ్ముకోవాలో కూర్చుని ఆలోచిస్తాడు. ఆ ఆలోచించే దృశ్యమే వాణ్ణి ప్రతినాయకుడిగా ఉంచుతుంది. పేరును ఆత్మే లాక్కుంటే జాలి మిగులుతుంది, భయం మిగలదు.

దీనికి పద్దు రాసుకోవాలి. వాడికి పేరుతో తెలిసినవాళ్లు 64 మంది అనుకుందాం. చిన్న ప్రయోగానికి 1, మనిషిని వశం చేసుకోవడానికి 3, ఇసుకను కదిలించడానికి 10. సీరియల్ మొత్తం మీద చిన్నవి 18, వశాలు 7, ఇసుక 2 సార్లు వాడితే 18, 21, 20 కలిపి 59 ఖర్చు. ముగింపుకు వచ్చేసరికి 5 పేర్లు మిగులుతాయి. ఆ ఐదుగురు ఎవరో మొదటి భాగం రాసేముందే తేల్చుకోవాలి: తల్లి, భార్య, కూతురు, మంత్రం నేర్పిన తాత, తను. ఇంకో ఇసుక ప్రయోగానికి పది కావాలి, ఉన్నవి ఐదే. ఎవరూ ఆపకుండానే వాడి బలం ఆగిపోయే స్థితి వచ్చింది. ఇక గెలవాలంటే ఒప్పందాన్నే మోసం చేయాలి. పద్దు లేని సీరియల్లో ఇక్కడే రచయిత కొత్త శక్తి ఒకటి కనిపెట్టి మాంత్రికుడి చేతిలో పెడతాడు. పాఠకుడు పట్టేస్తాడు.

ఒంటి లెక్క కూడా వదలకూడదు. సరంగుకు దాహం ఉప్పునీళ్లది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పావు లీటరు గ్లాసులో ఎనిమిది గ్రాములు దాటుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన మూత్రపిండాలు అంత చిక్కటి ఉప్పును బయటికి పంపలేవు, పంపడానికి ఒంట్లో ఉన్న మంచినీళ్లు వాడుకుంటాయి. కాబట్టి ఆత్మ తాగిన ప్రతి గ్లాసుకూ మనిషి ఎండిపోతాడు: పెదవులు పగులుతాయి, తల తిరుగుతుంది, పిక్కలు పట్టేస్తాయి. సన్యాసిరావు చంకన ఎప్పుడూ రెండు లీటర్ల మంచినీళ్ల సీసా ఉంటుంది. కథానాయిక మొదట పట్టుకునే ఆధారం అదే కావచ్చు. ఎర్ర కళ్లకన్నా నీళ్ల సీసా నమ్మకంగా పనిచేస్తుంది.

పోటు వేళలు

ఒప్పందంలో మూడో అంశం సమయం. సరంగు పట్టు పోటు మీద, అంటే సముద్రపు నీరు పెరిగే వేళ మీద, ఉంటుంది. పోటు నిండే వేళకు గంట ముందు, గంట తరవాత. విశాఖ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు (నీరు తగ్గే వేళలు). ఒక పోటుకూ తరవాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి రోజుకు దాదాపు నాలుగు గంటలే వాడు మాంత్రికుడు. మిగిలిన ఇరవై గంటలు మోకాళ్ల నొప్పులున్న యాభై రెండేళ్ల మనిషి. బస్సెక్కాలి, అద్దె కట్టాలి, ఎవరైనా కొడతారేమోనని భయపడాలి. మూడో భాగంలోనే కథానాయికను చంపలేకపోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

రాసేవాళ్లు తప్పే చోటు ఇదే. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. సోమవారం ఉదయం 9కి పోటు నిండితే ఆ రాత్రి 9:25కి, మంగళవారం ఉదయం 9:50కి, వచ్చే సోమవారం మధ్యాహ్నం 2:50 ప్రాంతంలో నిండుతుంది. అయినా ప్రతి ప్రయోగాన్నీ అర్ధరాత్రికే పెట్టేస్తారు. అమావాస్య అర్ధరాత్రి పోటు అనే మాట చదవడానికి బాగుంటుంది. కానీ ఒక రేవులో అమావాస్య పోటైనా పౌర్ణమి పోటైనా గడియారం ప్రకారం ఇంచుమించు ఒకే వేళకు వస్తుంది. ఆ వేళ ఎంతో పట్టికలో చూసి రాయాలి, మన భయం కోసం మార్చకూడదు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటుపాట్ల పట్టికలు అచ్చు వేస్తుంది. కథ జరిగే నెలకు సంబంధించిన పేజీ పక్కన పెట్టుకుంటే చాలు. పట్టపగలు రెండున్నరకు, జనం ఐస్‌క్రీమ్ తింటున్న వేళ, ఆర్కే బీచ్‌లో వాడి చూపు మారడం అర్ధరాత్రి శ్మశానంకన్నా భయపెడుతుంది.

ఇంకో సంగతి. పెద్ద పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా విశాఖలో ఒకటిన్నర మీటరు అటూ ఇటూ. పాటు వేళ సముద్రం కిలోమీటరు వెనక్కి తగ్గి మునిగిన ఓడ బయటపడింది అని రాస్తే, ఫిషింగ్ హార్బర్‌లో పుట్టి పెరిగిన పాఠకుడు అక్కడే సీరియల్ ఆపేస్తాడు. హుద్‌హుద్ లాంటి నిజమైన తుపానును మాంత్రికుడి ఖాతాలో వేయడం కూడా వద్దు. 2014 అక్టోబరు 12న ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు.

కొండ చుట్టూ గీత

ప్రతినాయకుడికి వెళ్లలేని చోటు ఒకటి ఉండాలి. దేవుణ్ణి తెచ్చి యుద్ధంలో నిలబెట్టడం మాత్రం సులువైన, పస లేని పద్ధతి. దేవుడు దిగాక మాంత్రికుడు ఎంతసేపు? దేవుడి చుట్టూ జనం నడిచిన దారిని వాడుకోవడం మేలు.

సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింద తొలిపావంచా (తొలి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెడతారు. అడవివరం, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, ఎంవీపీ, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా తిరిగి కొండకు చేరతారు. మ్యాపు మీద ఈ గీత గీస్తే ఒక విషయం కంటికి కొడుతుంది. వన్‌టౌన్, ఓడరేవు, ఫిషింగ్ హార్బర్, జగదాంబ సెంటర్ అన్నీ గీతకు బయట. కథలో నియమం ఇలా పెట్టుకోవచ్చు: గీత లోపల సరంగుకు పట్టు లేదు, పోటు వేళైనా సరే. సన్యాసిరావు లోపలికి వెళ్లవచ్చు, కానీ ఒట్టి మనిషిగా. కథానాయిక ఇల్లు సీతమ్మధారలో, పని ఫిషింగ్ హార్బర్‌లో పెడితే ఆమె రోజూ గీత దాటక తప్పదు. ఈ గీత సముద్రాన్ని ఆనుకునే చోటు జోడుగుళ్లపాలెం. ఉప్పునీళ్లతో కాళ్లు తడిసే చోటూ అదే. బలహీనమైన చోటు కోసం వెతకక్కర్లేదు, దారే చూపిస్తోంది.

బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి గీతకు బయట ఉంటుంది. అమ్మవారికి పైకప్పు ఉండదు, భక్తులే తాకి పూజ చేసుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో వన్‌టౌన్ వీధులు నిండిపోతాయి. అక్కడ కూడా ఒక నియమం పెట్టాలనిపిస్తుంది కానీ రెండు రక్షణలు అవసరం లేదు. ఒక కథలో మాయకు ఒక గీత చాలు.

డెబ్బై ఒక్క రోజులు

కథాకాలం కూడా కొండ దగ్గరే దొరుకుతుంది. వైశాఖ శుద్ధ తదియనాడు చందనం పూత తీసి సింహాచలం అప్పన్న స్వామి నిజరూప దర్శనం ఇస్తారు. ఆ రాత్రి నుంచి మళ్లీ చందనం పూత మొదలై నాలుగు విడతలుగా సాగుతుంది: ఆ తదియ, వైశాఖ పౌర్ణమి, జ్యేష్ఠ పౌర్ణమి, ఆషాఢ పౌర్ణమి. మొదటి దానికీ చివరి దానికీ మధ్య సుమారు 71 రోజులు. అధికమాసం అడ్డొస్తే మరో నెల పెరుగుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి ఆ సంవత్సరం పెట్టుకుంటే లెక్క సుమారు వంద రోజులవుతుంది. ఏ సంవత్సరమో ముందు తేల్చుకోవాలి.

ఈ కాలంలోనే తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం నడుస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో పడవలన్నీ ఒడ్డునే కట్టి ఉంటాయి. రంగులు, మరమ్మతులు జరుగుతుంటాయి, చేతిలో పనిలేని మనుషులు తిరుగుతుంటారు. వశం చేసుకోవడానికి సన్యాసిరావుకు ఇంతకన్నా అనువైన రోజులు రావు. జూన్ 14 అర్ధరాత్రి దాటాక పడవలు కదులుతాయి. ఆలోపే రేవు నోటి దగ్గర ఇసుక మేట వేయాలి. పంచాంగం ఒక గడువు పెట్టింది, ప్రభుత్వం ఇంకో గడువు పెట్టింది. రచయిత కొత్తగా గడువు కల్పించే పని లేదు.

సీరియల్ నలభై భాగాలు, భాగానికి 1,200 నుంచి 1,500 మాటలు అనుకుంటే పంపకం సమానంగా చేయకూడదు. తదియ నుంచి వైశాఖ పౌర్ణమి దాకా ఉన్న పన్నెండు రోజులకు 12 భాగాలు, మిగతా రెండు నెలలకు చెరి 14. మొదటి పన్నెండు నెమ్మదిగా, రోజుకొకటిగా నడిస్తే పాఠకుడికి పోటు వేళలు అలవాటవుతాయి. ఒంట్లో ఇద్దరున్నారన్న సంగతి పన్నెండో భాగంలో బయటపడాలి. అంతకుముందు నాలుగైదు ఆనవాళ్లు చాలు: నీళ్ల సీసా, మరిచిపోయిన పేరు, తడి ఇసుక మీద నిలబడ్డప్పుడు మారే మాట. ఇంకా ముందే చెప్పేస్తే ఉత్కంఠ పోతుంది. ఇరవై దాటాక చెబితే పాఠకుడు ఎప్పుడో ఊహించేసి విసుక్కుంటాడు. సన్యాసిరావు లోపలి ఆలోచనలు ఆరు భాగాలకు మించి చూపించకూడదు. సరంగు లోపలి ఆలోచన ఒక్కసారి కూడా వద్దు. మనిషికీ ఆత్మకీ పడని దృశ్యాలు మాత్రం నాలుగైనా ఉండాలి. వశం చేసుకున్న జాలరి కుర్రాణ్ణి సరంగు ముంచేయమంటాడు, సన్యాసిరావు వద్దంటాడు. దయతో కాదు, ఆ కుర్రాడు ఇంకా పనికొస్తాడని. ఇలాంటి గొడవల్లోనే ఇద్దరి స్వభావమూ తేలుతుంది.

ఎవరు మాట్లాడుతున్నారు?

ఆడియో సీరియల్లో ఇది ఇంకా పెద్ద సమస్య. గొంతు మార్చి చదవడం మూడు భాగాలకే నవ్వు తెప్పిస్తుంది. తేడా మాటల్లో ఉండాలి. సన్యాసిరావు మీటర్లలో కొలుస్తాడు. సరంగు పాతకాలపు ఓడ మనిషి, బారల్లో కొలుస్తాడు. బార అంటే సుమారు ఆరడుగులు కాబట్టి పది మీటర్ల లోతు వాడి నోట అయిదున్నర బారలవుతుంది. "ఇక్కడ పది మీటర్లుంటాది బావూ" అన్న మనిషే రెండు వాక్యాల తరవాత "అయిదున్నర బారలు, అంతే" అంటే చాలు, కళ్లు ఎరుపెక్కనక్కర్లేదు.

రెండో గుర్తు సర్వనామం. మొదట్లో సన్యాసిరావు "నానేటి సేసినాను?" అంటాడు. సరంగు ఎప్పుడూ "మనం" అంటాడు. ఇరవయ్యో భాగం దాటాక సన్యాసిరావు నోటనే, తెలియకుండా, "మనం సేసింది తప్పేటి?" అని వస్తుంది. ఒక్క వాక్యం. దాన్ని రచయిత వివరించకూడదు.

యాస గురించి ఒక మాట. మన కథల్లో ఉత్తరాంధ్ర యాసను ఎక్కువగా నవ్వించే పాత్రకో రౌడీ పక్కవాడికో ఇస్తారు, ఆత్మ మాత్రం గ్రాంథికం మాట్లాడుతుంది. ఇక్కడ కథానాయికా, ప్రతినాయకుడూ, పడవ యజమానీ అందరూ అదే యాస మాట్లాడాలి. ఊరు అదే కదా.

చిల్లంగి జోలికి వెళ్లేటప్పుడు

ఉత్తరాంధ్ర ఏజెన్సీ ఊళ్లలో చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన వార్తలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. అందుకే మాంత్రికుణ్ణి పాడేరు కొండల్లోనో అరకు లోయలోనో గిరిజనుడిగా పెట్టడం వద్దు. అది బద్ధకం కూడా. చదువుకుని, కొలతలు తెలిసి, పట్నంలో ఉద్యోగం చేసిన మనిషి అబద్ధం రాయడంలో ఉన్న భయం వేరు. పక్కింటి ఒంటరి ముసలమ్మ మీద ఊరు అనుమానపడే ఉపకథ ఒకటి పెట్టి, ఆ అనుమానాన్ని సన్యాసిరావే ఎగదోశాడని చూపిస్తే ఇంకా నయం. ఆ ప్రయోగానికి ఒక్క పేరు కూడా ఖర్చు కాదు. మంత్రమే అక్కర్లేదు కాబట్టి.

వదిలించడం

చాలా సీరియళ్లు ఇక్కడ చేతులెత్తేస్తాయి. ముప్పై ఎనిమిదో భాగంలో హిమాలయాల నుంచి ఒక స్వామీజీ వస్తాడు. అంతవరకు కట్టిన నియమాలన్నీ ఆయన విభూది కింద పడిపోతాయి. నలుడి కథ చెప్పిన పద్ధతి వేరు. ఏ సందులోంచి దూరిందో ఆ సందులోంచే పోవాలి. సరంగు దూరింది 10.7 అనే అబద్ధపు అంకెలోంచి. పోవాలంటే సన్యాసిరావు 10.2 అని, దెబ్బతిన్న ఓడవాళ్ల ముందు, తన నోటితో చెప్పాలి. కథానాయికకు తెలియాల్సింది మంత్రం కాదు, ఆ చిట్టాలో ఏ అంకె తప్పో. ఆమె పోటు వేళ దాటాక, తాడుకు సీసపు గుండు కట్టి, తనే లోతు కొలిచి తెలుసుకోవాలి. కొలత తీసేటప్పుడు ఆ సమయానికి పోటు ఎంత ఉందో తీసేయకపోతే అంకె తప్పొస్తుంది. అదే పొరపాటు ఆమె మొదటిసారి చేయడం, దానివల్ల ముప్పై మూడో భాగంలో ఓడిపోవడం కథకు పనికొస్తుంది.

సన్యాసిరావు ఆ అంకె చెబుతాడా? చెప్పకూడదు, అంత తేలిగ్గా. ఐదు పేర్లు మిగిలినప్పుడు వాడి ముందు రెండు దారులు. నిజం చెప్పి బలం పోగొట్టుకోవడం, లేదా తల్లి పేరుతో మొదలుపెట్టడం. ఇద్దరు పోయేదాకా రెండో దారిలోనే నడవాలి. ఎవరు ఆ ఇద్దరు అన్నది రచయిత ఇష్టం, కానీ తాత పేరు పోతే నేర్చిన మంత్రాలన్నీ దాంతోనే పోతాయన్న సంగతి వాడు ఆలస్యంగా గ్రహించడం బాగుంటుంది. దురాశపరుడు లెక్క తప్పేది ఇలాంటి చోటే. అప్పుడు అంకె చెబుతాడు, పశ్చాత్తాపంతో కాదు, ఇంకో బేరం లేక. సరంగు పోతాడు.

నలభయ్యో భాగంలో మాయ ఉండకూడదు. వన్‌టౌన్‌లో ఒక పోలీస్ స్టేషన్, ఒక ఫిర్యాదు, దెబ్బతిన్న పడవల జాబితా, వాటి యజమానుల పేర్లు. వాటిలో కొన్ని సన్యాసిరావు అమ్ముకున్న పేర్లే. చదివి వినిపిస్తుంటే ఎవరో తెలియదంటాడు. అది నిజం, కానీ కేసు ఆగదు. ఈ భాగం రాసేముందు పద్దు తీసి, ఏ పేరు ఎన్నో భాగంలో ఖర్చయిందో ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి. పదిహేడో భాగంలో చెరిగిపోయిన మనిషిని నలభైలో వాడు గుర్తుపట్టినట్టు ఒక్క వాక్యం జారినా, అంతకుముందు కట్టిన ఒప్పందం మొత్తాన్ని పాఠకులు మొదటి నుంచీ తిరగదోడతారు.